వేడి నేర్చుకున్న చెయ్యి

పొద్దు వాలుతుండగా, దీపం పెట్టకముందే, కూతురి ఒళ్ళు చూడటం ఢిల్లీశ్వరికి అలవాటు. కిటికీ పక్కన చాప పరిచేది. పిల్లని పడుకోబెట్టి, రెండు అరచేతులకీ కొబ్బరినూనె రాసుకుని, కాలి బొటనవేలి దగ్గర మొదలుపెట్టేది. వేళ్ళ సందులు, మడమలు, మోకాళ్ళ వెనక మడతలు, నడుము, చంకలు, చెవుల వెనక, ఆఖరికి నాలుక చివర. ఎక్కడ ముల్లు దిగిందో, ఎక్కడ బొబ్బ లేచిందో యామిని చెప్పదు. చెప్పాలంటే ముందు దానికి తెలియాలి కదా.

నొప్పినీ, వేడినీ చల్లదనాన్నీ మోసుకొచ్చే నరాలు లేకుండానే పుట్టింది ఆ పిల్ల.

మొదట్లో పలాసలో వాళ్ళ వీధి అంతా మురిసిపోయింది. "ఎంత నెమ్మదైన గుంటే! సూదిమందేసినా ఏడవదు" అనేవారు. ఢిల్లీశ్వరీ లోలోపల గర్వపడింది. ఏడో నెలలో రెండు పళ్ళొచ్చాయి. ఒకరోజు ఉయ్యాల్లో పిల్ల కిలకిల నవ్వుతోందని వంగి చూస్తే నోటినిండా నెత్తురు. తన నాలుక చివరని తనే నమిలేసుకుని నవ్వుతోంది. ఆ రోజు మొదలు, ఈ ఆరేళ్ళలో ఢిల్లీశ్వరి ఒళ్ళు చూడని సాయంత్రం లేదు.

ఇంకొక రోజుంది. దాన్ని తలుచుకోవడం ఆమెకు ఇష్టముండదు, అదే వచ్చి తలుపు తడుతుంది. పిల్లకి మూడేళ్ళు. పొయ్యి మీద పెనం పెట్టి, పిండి గిన్నె కోసం ఇలా వెనక్కి తిరిగింది. ఏదో వాసన. అట్టు మాడినట్టు కాదు, మరో రకం. పెనం మీద ఇంకా పిండే వెయ్యలేదు. తిరిగి చూస్తే యామిని కుడిచెయ్యి పెనం మీద ఆనించి, తల్లివైపు చూస్తూ నిలబడి ఉంది. నవ్వుతూ.

ఆ అరచేతి మచ్చ ఇప్పటికీ లేత తమలపాకంత ఉంది.

*

భీమిలి దాటాక, సముద్రం వైపు ఒరిగిన ఎర్రమట్టి కొండ మీద యామినిని చూపించడానికి తీసుకెళ్ళిన ప్రయోగశాల ఉండేది. పొద్దుటిపూట మబ్బులు కిటికీల్లోంచి లోపలికి వచ్చి, నడవలో కాసేపు తిరిగి, తమ దారిన తాము పోయేవి. ఢిల్లీశ్వరికి అక్కడ నడుస్తుంటే నేల తగులుతున్నట్టే అనిపించేది కాదు.

డాక్టర్ ఇందుమతి తల నెరిసిన మనిషి. మెల్లగా మాట్లాడేది. మొదటిరోజే తల్లీకూతుళ్ళని ఒక చీకటిగదిలోకి తీసుకెళ్ళి, గోడంత తెర ముందు కూర్చోబెట్టింది. తెర మీద గింజల్లాంటివి, లెక్కలేనన్ని. ఒక్కొక్క గింజలోనూ నీలం, పసుపు, ఆకుపచ్చ, వెండి, ఎరుపు, అన్ని రంగులూ కలిసి వెలుగుతున్నాయి.

"అమ్మా, దీపాలు!" అంది యామిని.

"దీపాలే" అంది డాక్టర్. "ఇవి అప్పుడే పుట్టిన నరాల కణాలు. పుట్టగానే ప్రతిదాంట్లోనూ అన్ని దీపాలూ ఉంటాయి. చల్లన తెలిసేదీ ఇదే కావచ్చు, గుచ్చుకుంటే తెలిసేదీ ఇదే కావచ్చు. ఇప్పుడు చూడు."

ఆమె ఏదో నొక్కింది. తెర మీద రోజులు గబగబా దొర్లాయి. కణాలు సన్నటి తోకలు సాచి చర్మాన్ని వెతుక్కుంటూ పోయాయి. చర్మాన్ని తాకిన కణంలో ఒక్కొక్క దీపమే ఆరిపోతూ వచ్చింది. చివరికి ఒక కణంలో నీలం ఒక్కటే మిగిలింది. పక్కదాంట్లో వెండి ఒక్కటే. ఇంకోదాంట్లో ఎరుపు.

"నీలం చల్లదనానికి. వెండి గుచ్చుకోవడానికి. పసుపు నొక్కుడుకి, ఆకుపచ్చ దురదకి. ఎరుపు వేడికి. ఎవరు ఏది కావాలో చర్మం చెబుతుంది. ఒకటి ఉంచుకుని తక్కినవన్నీ ఆర్పేసుకుంటేనే కణానికి ఒక పేరొస్తుంది. పేరు రానివి నిలవవు."

ఢిల్లీశ్వరి తెర వైపే చూస్తూ ఉండిపోయింది. ఎనిమిదో తరగతిలో తనూ బొమ్మలు వేసేది, పరుగుపందెంలో ముందుండేది, లెక్కలంటే చెవి కోసుకునేది. నాన్న పోయిన ఏడు జీడిపిక్కల కార్ఖానాలో బల్ల ముందు కూర్చోబెట్టారు. ఒక్కొక్కటే ఆరిపోయాయి. పదకొండేళ్ళుగా పిక్క కొట్టే చెయ్యి ఒక్కటే వెలుగుతోంది.

"గాజుపలకల మీద పెంచిన కణాలు ఒంట్లో నిలవలేదమ్మా" అంది డాక్టర్. "ఒకసారి ఒంట్లో బతికినవే నిలుస్తున్నాయి. అందుకని తల్లి చేతి కణాలు తీస్తాం. వాటి పేరు వాటిచేత మరిపించి, మళ్ళీ పసివాటిని చేసి, పాప చేతి నరాలు మొదలయ్యే మెడ దగ్గర నాటుతాం. ముందు కుడిచెయ్యి ఒక్కదానికే. అది నిలిస్తే తక్కిన ఒళ్ళు తర్వాత."

"మరి నా సెయ్యి?"

"తీసిన చేతికి తాకింది తెలుస్తుంది. గాలి తెలుస్తుంది. కాలినా, కోసుకున్నా తెలీదు. మళ్ళీ ఎప్పటికీ తెలీదు."

ఢిల్లీశ్వరి తన రెండు చేతులూ చూసుకుంది. జీడిసొన తిని నల్లబడ్డ వేళ్ళు. పొద్దున్నే బూడిద పులుముకుని కూర్చున్నా, మధ్యాహ్నానికి సొన చర్మంలోకి దిగి మంటెత్తేది.

"ఎడంసెయ్యి తీసుకోండమ్మా. కుడిది పన్జేసే సెయ్యి."

ఆమె భర్త కూర్మారావు లోడు ఆటో తోలేవాడు. ఫోన్లో విషయమంతా విన్నాడు. "పిల్ల కాళ్ళకి నావి తీసుకోమని సెప్పు డాక్టరమ్మకి" అన్నాడు. "ఈ కాళ్ళనొప్పులు పట్టుకెల్లిపోతే ఇంకో రెండు ట్రిప్పులేస్తాను నాను." చెప్పి తనే నవ్వబోయాడు. నవ్వు సగంలో తెగిపోయింది.

*

నాటిన రోజు నుంచి నలభై రోజులు, ప్రయోగశాలలోనే పొయ్యి ఉన్న ఒక గదిలో. పురిటి గదిలో లాగే లెక్క. ఆ నలభై రోజుల్లోనే కణాలు చర్మం చెప్పింది వింటాయి, ఆ తర్వాత చెవులు మూసుకుంటాయి. చర్మానికి చెప్పడానికంటూ ఏదైనా ఉండాలి కదా! అందుకని రోజుకి మూడు పూటలా పాఠాలు. మంచుముక్క, మెత్తటి ముళ్ళ కుంచె, బట్టలకి పెట్టే క్లిప్పు, దురద పుట్టించే నూగు ఆకు, చివరగా వేడినీళ్ళ స్టీలు గ్లాసు. చర్మం కాలకూడదు, తెలిసినవాడైతే చెయ్యి వెనక్కి లాక్కోవాలి, అంత వేడి. దానికి ఒక కొలత కడ్డీ ఇచ్చారు. పాఠం చెప్పే పని తల్లిదే. ఆమె చేతిలోనైతే పిల్ల కదలకుండా కూర్చుంటుందని డాక్టర్ ఏర్పాటు. అయిన ప్రతి పాఠానికీ ఒక పుస్తకంలో గీత పెట్టాలి.

"ఇంకోటి" అంది డాక్టర్. "పాప ఒళ్ళు చూసినట్టే, రోజూ మీ ఎడమచెయ్యి కూడా చూసుకోండి."

ఢిల్లీశ్వరి తలూపింది. చూసుకోలేదు. ఎక్కడ తీరుతుంది? ఒకరోజు గది తుడవడానికి వచ్చిన ఆయా అచ్చియ్యమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఒలే పిల్లా, ఆ సెయ్యేటే?"

చూస్తే చూపుడువేలు తెగి నెత్తురు చీర కుచ్చిళ్ళ దాకా కారింది. ఉల్లిపాయలు తరిగి అరగంటైంది.

"సూళ్ళేదప్పా."

"సూడవు. కూతురి ఒంటి మీద ఈగ వాల్తే కనిపిస్తాది నీకు. ఇదివరకు ఒక్క పిల్లని కాసేదానివి. ఇప్పుడిద్దరయ్యారు. ఆ రెండోది నువ్వే, సూసుకో." అచ్చియ్యమ్మ తిడుతూనే తన పాతచీర చించి వేలికి కట్టింది.

కిటికీ అవతల సముద్రం నిద్రలో మాట్లాడుతున్నట్టు గొణిగేది. యామిని తల్లి ఒళ్ళో కూర్చుని పాఠాలు నేర్చుకునేది. పన్నెండో రోజున మంచుముక్క పెట్టగానే ఉలిక్కిపడింది.

"అమ్మా! ఇది... ఇది సెయ్యిలోకి ఎలిపోతంది!"

"ఎలా ఉన్నాదే?"

పిల్ల కళ్ళు మూసుకుని చాలాసేపు ఆలోచించింది. "తెల్లగా ఉన్నాది."

పదిహేడో రోజుకి ముళ్ళ కుంచె తెలిసింది. "మిణుగురులు" అంది. ఇరవయ్యో రోజుకి దురద తెలిసి, గోక్కుంటూ పకపకా నవ్వింది. గోక్కోవడంలో అంత సుఖం ఉంటుందని ఆ పిల్లకి ఆరేళ్ళూ ఎవరూ చెప్పలేదు మరి. క్లిప్పు పెడితే మూతి ముడిచి, "వద్దు, తీసీ" అంది. ఆ మాట వినగానే ఢిల్లీశ్వరి క్లిప్పు తీసేసి పిల్ల మొహంలోకి చూసింది. ఒంటికి తగిలినదాన్ని తన కూతురు "వద్దు" అనడం ఆమె అంతకుముందు వినలేదు.

ఇక వేడి పాఠం.

మొదటిరోజు గ్లాసులో వేడినీళ్ళు పోసింది. కడ్డీ పెట్టి చూసింది, సరిగ్గానే ఉంది. గ్లాసుని పిల్ల అరచేతి దగ్గరకు తెచ్చింది. లేత తమలపాకంత మచ్చ ఆమెకేసి చూసింది. ఎక్కడినుంచో ఆ వాసన. ఆమె చెయ్యి ఆగిపోయింది. గ్లాసు వంచి సగం పారబోసి, కుండలో నీళ్ళు కలిపింది. చల్లారిన గ్లాసు పిల్ల చేతికి ఆనించింది. పుస్తకంలో గీత పెట్టింది.

రేపు పెడదాంలే అనుకుంది. మర్నాడూ అదే అనుకుంది. గీతలు మాత్రం వరసగా, తిన్నగా, అందంగా పడుతూ వచ్చాయి.

*

ముప్పై ఒకటో రోజున డాక్టర్ చీకటిగదిలోకి పిలిచింది. తెర మీద నీలాలు కుదురుకున్నాయి. వెండి, పసుపు, ఆకుపచ్చ కుదురుకున్నాయి. వాటి మధ్య కొన్ని వందల కణాలు ఇంకా అన్ని రంగుల్లోనూ రెపరెపలాడుతున్నాయి, గాలిలో దీపాల్లాగా. ఎరుపు ఒక్కటీ లేదు.

"ఎరుపు ఎప్పుడూ ఆఖర్నే వస్తుంది. అందుకే ఇన్నాళ్ళు ఆగాను" అంది డాక్టర్. పుస్తకం ఆమె ముందు తెరిచి ఉంది. వేడి పాఠం కింద గీతల మీద వేలు పెట్టి నెమ్మదిగా జరుపుతోంది. "మీరు ఒక్క పూట కూడా తప్పలేదు. పాఠంలో లోటు లేదు. అంటే లోపం కణాల్లోనే ఉండాలి. మీ చేతిలోంచి తీసినవాటికి వేడిగా మారే శక్తి లేదనుకుంటాను. చివరిదాకా కానిచ్చి ఇంటికి పంపేస్తాం. ఇదే జబ్బుతో వరసలో ఉన్న తక్కిన పదకొండు మంది పిల్లలకి కూడా ఈ పద్ధతి వద్దని రాసెయ్యాలి."

ఢిల్లీశ్వరి గదికి వచ్చేసింది. అన్నం కలిపి పిల్ల నోట్లో పెడుతోంది. డాక్టర్ మాటే చెవిలో తిరుగుతోంది. వేడిగా మారే శక్తి లేదట, ఈ చేతికి. పదకొండేళ్ళు జీడిసొనలో ఉడికిన చేతికి. మంట ఆగక రాత్రి తడిబట్ట చుట్టుకుని పడుకుని, తెల్లారి మళ్ళీ బూడిద పూసుకుని వెళ్ళిన చేతికి. ఎన్ని నిందలు పడ్డా నోరెత్తని మనిషికి, ఆ ఎడమచెయ్యి మీద పడ్డ నింద మాత్రం మింగుడుపడలేదు. ముద్ద పళ్ళెంలో వదిలేసి ఎంగిలి చేత్తోనే నడవలోకి పరుగెత్తింది.

"డాక్టరమ్మా! నా సెయ్యిలో ఏ లోపం నేదు."

డాక్టర్ తలెత్తింది. అచ్చియ్యమ్మ తడిగుడ్డ పట్టుకుని నిలబడిపోయింది.

"నీళ్ళు సల్లారబెట్టి పెట్టీసినాను. మొదటిరోజు కాణ్ణించీ. గీతలన్నీ దొంగగీతలు."

బయట మబ్బు ఒకటి కిటికీకి ఆనుకుని లోపలికి చూసింది.

"ఎందుకమ్మా?" అంది డాక్టర్. కోపం లేదు, అలసట ఉంది ఆ గొంతులో.

"దాని సెయ్యి ఓపాలి కాలిపోనాది. నా ఎనకే. మల్లీ నా సేత్తో నాను ఎలగ పెట్టనమ్మా?"

"ఓలమ్మ, ఓలమ్మా" అని అచ్చియ్యమ్మ గుడ్డ బకెట్లో విసిరికొట్టింది. "కాల్తాదని తెలీడానికేగదే ఇంత తిప్పలు? ఈత నేర్పుతానని తెచ్చి, తడిసిపోద్దని గట్టు మీదే కూకోబెట్టినట్టున్నాది!"

డాక్టర్ ఇందుమతి వేళ్ళు మడిచి లెక్క చూసుకుంది. "తొమ్మిది రోజులున్నాయి. ఆ రెపరెపలాడేవి ఇంకా వింటూనే ఉన్నాయి. మీకు చేతకాకపోతే నేను పెడతాను."

"నేదమ్మా" అంది ఢిల్లీశ్వరి. ఎంగిలి చెయ్యి కొంగుకు తుడుచుకుంది. "నానే పెడతాను."

*

ఆ సాయంత్రం గ్లాసులో నీళ్ళు పోసి, పిల్లకి స్నానం పోసేటప్పటి అలవాటు కొద్దీ ఎడమచెయ్యి ఆనించి చూసింది. వేడేమీ తెలియలేదు. ఒక్క క్షణం భయపడి, కుడిచేతికి మార్చింది. చురుక్కుమంది. కడ్డీ కూడా ఔనంది. కళ్ళు మూసుకుని గ్లాసుని ఆ మచ్చ మీద ఆనించింది.

"అమ్మా, ఎందుకేడుస్తన్నావు? నాకేం తెలట్లేదు" అంది యామిని.

ముప్పై మూడు, ముప్పై నాలుగు. ఏమీ లేదు. ముప్పై ఆరున తెర మీద ఒక మూల ఏదో ఎర్రగా మెరిసినట్టే మెరిసి, మళ్ళీ రంగుల్లో కలిసిపోయింది. పేరు రాని కణాలు రోజూ కొన్ని ఆరిపోతున్నాయి. ఒకటి ఆరినప్పుడు తెర మీద చప్పుడేమీ ఉండదు. అయినా ఢిల్లీశ్వరికి వినిపించేది. ముప్పై ఎనిమిదో రోజు కునుకులో ఆమెకొక కల వచ్చింది. వందల మంది పిల్లలు చీకట్లో ఒక బడి ముందు నిలబడి ఉన్నారు. లోపల ఎవరో హాజరు పిలుస్తున్నారు. పిలవాల్సింది తనే. నోరు పెగలడం లేదు.

ముప్పై తొమ్మిదో రోజు పొద్దున్న యామిని అట్లు కావాలని మారాం చేసింది. పలాస వదిలాక ఢిల్లీశ్వరి పెనం ముట్టలేదు. ఆ రోజు ఎందుకో, ఆఖరి రోజుల్లో పిల్ల అడిగిందని, అచ్చియ్యమ్మ దగ్గర పెనం అడిగి తెచ్చి పొయ్యి మీద పెట్టింది. పిల్లని వెనక కాకుండా ఎదురుగా, కళ్ళముందే ఎత్తుపీట మీద కూర్చోబెట్టింది. ఈసారి చూపు తిప్పేది లేదు.

పిండి వేసి తిప్పింది. అంచులు లేచాయి. "అయిపోనాదా?" అంటూ యామిని కుడిచెయ్యి చాచింది. "ఉండే" అనేలోపే పిల్ల వేళ్ళు పెనం అంచుని తాకాయి.

"అమ్మా!"

అది పిలుపు కాదు. ఆరేళ్ళుగా వింటున్న "అమ్మా" కాదది. లోకంలో తల్లులందరికీ వినిపించేదీ, తనకి మాత్రం ఇంతవరకు రానిదీ. పిల్ల చెయ్యి వెనక్కి లాక్కుని ఛాతీకి అదుముకుంది. కళ్ళనిండా నీళ్ళు, ఆశ్చర్యం. మూతి వంకర్లు పోయి, పెద్దగా, గుండెలవిసేలా ఏడుపు అందుకుంది.

ఢిల్లీశ్వరి నవ్వుతోందో ఏడుస్తోందో ఆమెకే తెలియలేదు. "కాలిందా? నా తల్లే, కాలిందా? ఎక్కడా?" అంటూ పొయ్యి మీదుగా వంగింది. గోడమీద ఎండపొడ ఊగింది. సముద్రం ఒక్క క్షణం గొణగడం మానేసినట్టుంది.

ఏడుస్తున్న యామిని ఉన్నట్టుండి ఆపేసింది. ముక్కు ఎగబీల్చింది. తల్లి మొహంలోంచి చూపు కిందికి దింపింది.

వంగడానికి ఆసరాగా ఢిల్లీశ్వరి ఎడమచెయ్యి పెనం మీద ఆనించి ఉంది.

"అమ్మా, తియ్యి! సెయ్యి తియ్యే! అది కాల్తాది!"

రెండు చేతులతోనూ తల్లి మణికట్టు పట్టుకుని, బలమంతా పెట్టి వెనక్కి లాగింది పిల్ల. ఎత్తుపీట దొర్లిపోయింది. ఇద్దరూ నేలమీద పడ్డారు. ఢిల్లీశ్వరి తన అరచేతిని ఎవరిదో అన్నట్టు చూసుకుంది. అప్పుడే ఎర్రగా పొంగుతోంది. ఇంకో నాలుగు లెక్కపెట్టేసరికి ఏమయ్యేదో, ఆ వాసన ఎలా ఉంటుందో ఆమెకి తెలుసు.

"నీకు తెల్లేదా?" అంది యామిని గుసగుసగా.

"తెల్లేదే."

పిల్ల కాసేపు ఆలోచించింది. ఏదో పెద్ద పని అప్పజెప్పినట్టు దాని మొహం గంభీరంగా మారింది.

డాక్టర్ వచ్చి చేతికి మందు రాసింది. పిల్లని చీకటిగదిలోకి తీసుకెళ్ళి తెర వెలిగించింది. రెపరెపలాడినవాటిలో మిగిలినవి కొన్నే, రెండొందలు ఉంటాయేమో. అన్నీ ఎర్రగా, కదలకుండా వెలుగుతున్నాయి. డాక్టర్ ఇందుమతి తెర ముందు నిలబడి వాటిని లెక్కపెట్టింది. తర్వాత బల్ల దగ్గరకు వెళ్ళి, పదకొండు మంది పిల్లల కాగితం తీసి, "వద్దు" అన్న మాట కొట్టేసింది.

*

పొద్దు వాలుతుండగా ఢిల్లీశ్వరి చాప పరిచింది. కొబ్బరినూనె గిన్నె దగ్గర పెట్టుకుంది. పిల్ల పడుకోలేదు.

"ముందు నువ్వు."

"నానేటే?"

"నువ్వు పడుకో. నాను సూస్తాను."

అచ్చియ్యమ్మ గుమ్మంలో కిసుక్కున నవ్వింది. "పడుకోవే. నీ వైద్యురాలొచ్చింది."

ఢిల్లీశ్వరి పడుకుంది. యామిని బుల్లి అరచేతులకి నూనె రాసుకుని, తల్లి ఎడమచెయ్యి ఒళ్ళో పెట్టుకుంది. చిటికెనవేలితో మొదలుపెట్టింది. వేళ్ళ సందులు, గోళ్ళ మొదళ్ళు, నల్లబడ్డ గీతలు, ఒక్కొక్కటీ కిటికీ వెలుగులోకి తిప్పి చూసింది. వేలి మీద పాత కోత దగ్గర ఆగి, "ఇది నాకు సెప్పలేదేటి?" అని గద్దించింది. అరచేతిలో మందు రాసిన చోటికి వచ్చాక వేళ్ళు తీసేసింది.

వంగి, పెదాలు గుండ్రంగా చేసి, మెల్లగా ఊదింది.

మంట ఎలా ఉందో ఢిల్లీశ్వరికి తెలియదు. ఇక ఎప్పటికీ తెలియదు. గాలి మాత్రం తెలిసింది.